కదలని అంకె

శాన్ సెఫెరినోలో ఆ నవంబరు వాన ఎలా కురిసిందంటే, మూడో రోజుకి బాతులు కూడా విసుగెత్తి చూరుల కింద చేరాయి. కప్పలు కాఫీ డబ్బాల్లో కాపురాలు పెట్టాయి. గ్వామా నదిలో చేపలకీ వీధిలో మనుషులకీ తేడా ఒక్కటే, చేపలు గొడుగులు పట్టుకోలేదు.

ఆ మంగళవారం పొద్దున నావూం సెలాయా మిట్ట మీది తన రేకుల ఇంట్లో, కిటికీ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని తిట్లు చదువుతున్నాడు. అతనికి ముప్పై తొమ్మిదేళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఒక ప్రోగ్రాం రాశాడు. దాని పేరు గార్సా, అంటే కొంగ. వంతెనకి బిగించిన కొలత యంత్రం నుంచి నది మట్టాన్ని నిమిషానికోసారి తెచ్చి చూపించడం, మట్టం హద్దు దాటితే సైరన్ మోగించడం, అంతే దాని పని. ఓపెన్ సోర్స్ అని చెప్పి దాన్ని లోకం నడిబజార్లో పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, దమ్మిడీ ఇవ్వక్కర్లేదు. లోకం మొహమాటపడకుండా తీసుకుంది. ఇప్పుడు మూడు వందల పైచిలుకు నదుల్లో నావూం కొంగ నిలబడి ఉంది. వాటిలో సగం పేర్లు అతనికి నోరు తిరగవు.

నోరు తిరక్కపోయినా ఆ నదుల వాళ్ల ఉత్తరాలన్నీ అతనికే వస్తాయి. 'నీ చెత్త వల్ల నా ఆదివారం నాశనమైంది' అని ఒకాయన. 'మూడు వారాలైంది, బతికున్నావా?' అని ఇంకొకాయన. 'ఇదేం పెద్ద పని కాదు, అరగంట చాలు' అని మరొకాయన. ఆ అరగంట మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ ఉండదు. పగలంతా పట్నంలోని ఇనప సామాన్ల కొట్టుకి వెబ్‌సైట్ పని చేసి, మిగిలిన జీవమంతా నావూం ఈ ఉత్తరాలకి పోసేవాడు. 'ఇక నావల్ల కాదు, సెలవు' అని లోకానికి వీడ్కోలు రాసి దాచుకున్నాడు. ఒకసారి కాదు, పదకొండుసార్లు. పంపబోయే ముందు ప్రతిసారీ ఎవడో కొత్త నది పేరు చెప్పి సాయం అడిగేవాడు.

జూలైలో ఉత్తరాలు ఏడు వందలు దాటాయి. అప్పుడు నావూం ఒక ద్వారపాలకుణ్ణి పెట్టుకున్నాడు. అదీ ప్రోగ్రామే. ముప్పై రోజులు కదలిక లేని ఉత్తరం కనిపిస్తే తలుపు మూసి, కింద ఒక మర్యాద వాక్యం అంటిస్తుంది: 'కబురేమీ లేదు కనుక మూసేస్తున్నాం. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.' కబురు చెప్పాల్సింది నావూమే అయినా సరే, అదే వాక్యం. నెల తిరిగేసరికి ఏడు వందలు నూటనలభై అయ్యాయి. ఎన్నాళ్లకో అతనికి కంటి నిండా నిద్ర పట్టింది.

పదకొండు గంటలకి అతని అక్క దున్యా వచ్చింది. నదికి కరకట్ట ఉంది, కరకట్ట అడుగున పల్లంలో మూడు వందల గడపల కాలనీ ఉంది, ఆ కాలనీ మొదట్లో ఆమె పెనం కొట్టు ఉంది. పొద్దున్నుంచీ బలియాదా రొట్టెలు కాలుస్తూనే ఉంది. గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టి, జుట్టు పిండుకుంది.

"ఒరేయ్, కింద జనం మళ్లీ అడుగుతున్నార్రా. సామాన్లు ఎత్తుకోమంటావా, ఉండమంటావా?"

"హద్దు ఐదున్నర మీటర్లు. కొంగ నాలుగు పన్నెండంటోంది. కూర్చోమనక్కా."

"పొద్దున కూడా నాలుగు పన్నెండే అన్నావ్."

"అంటే పెరగలేదనేగా. మంచిదేగా."

"పక్కింటి దోన్యా తొమాసా పందిని విప్పేసింది. నువ్వు ఉండమన్నావని నేనే చెప్పి మళ్లీ కట్టించాను. ఇప్పుడేం చెప్పను?"

"ఉండమనే చెప్పు."

దున్యా వెళ్లిపోయింది. నావూం మాటంటే కాలనీకి గురి. రెండేళ్లలో మూడుసార్లు సైరన్ మోగింది, మూడుసార్లూ నీళ్లొచ్చాయి. అంతకుముందు అక్కడి రివాజు వేరు. పైన ఇరవై కిలోమీటర్ల దూరంలోని లాస్ పకాయాస్ వంతెన దగ్గర నీరు లేస్తే అక్కడివాడు శంఖం ఊదేవాడు. అది విని కింది ఊరివాడు, అది విని ఆ కింది ఊరివాడు. అలా కబురు నీటికంటే ముందు పరిగెత్తేది. శాన్ సెఫెరినోలో శంఖం దోన్ చెంచోది. ఆయన ఊదితే పక్క ఊళ్లో కోళ్లు నెల తక్కువ గుడ్లు పెట్టేవని ఆయనే చెప్పేవాడు. సైరన్ బిగించిన రోజున దోన్ చెంచో ఆ శంఖాన్ని తెచ్చి నావూం బల్ల మీద పెట్టి, "ఇదిగో, నీ కొంగ పొదగడానికి పనికొస్తుంది" అన్నాడు. అప్పట్నుంచీ అది తీగలు జారిపోకుండా బరువుగా పడి ఉంది.

పన్నెండు దాటాక ఆ దోన్ చెంచోయే గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నెత్తిన అరటాకు.

"కాఫీ ఉందా, కొంగల దొరా?"

"ఉంది దోన్ చెంచో. చల్లారిపోయింది."

"మా ఆవిడ పోయాక నేను తాగేదంతా చల్లారిందే. పోయ్, తాగుతా." కుర్చీ లాక్కుని తెర వైపు మెడ సాచాడు. "ఏమంటోంది పిట్ట?"

"నాలుగు పన్నెండు."

"పొద్దున రొట్టెలవాడూ అదే చెప్పాడు. ఇందాక మీ అక్కా అదే చెప్పింది. పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నా నాయనా, ఈ నది మా అత్తగారి నోరు లాంటిది, క్షణం ఊరుకోదు. మూడు రోజుల వానలో అంగుళం కదలకుండా నిలబడ్డానికి అదేమన్నా గుంజకి కట్టిన మేకా?"

"మీ శంఖం పోయిందని మీకు కడుపుమంట."

"పోలేదుగా. అదిగో, నీ తీగల మీద కూర్చునుంది."

నావూం నవ్వాడు. నవ్వుతూనే ఆ ముసలాయన నోరు మూయించడానికి పొద్దున్నుంచి వచ్చిన అంకెల జాబితా తెరిచాడు. ఏడు గంటలకి మూడు తొంభై. ఏడూ ఐదుకి నాలుగు. ఏడూ పదికి నాలుగు పన్నెండు. ఏడూ పదకొండుకి నాలుగు పన్నెండు. ఏడూ పన్నెండుకి నాలుగు పన్నెండు. జాబితాని కిందికి తోశాడు, ఇంకా తోశాడు. మూడు వందల వరుసలు, ఒక్క సెంటీమీటరు తేడా లేదు.

నోట్లో అక్క తెచ్చిన బలియాదా ముక్క అలాగే ఉండిపోయింది.

ఏడూ పదికే లాస్ పకాయాస్ వంతెన దగ్గరి యంత్రం పోయింది. అప్పటికే నీరు పది నిమిషాలకి జానెడు చొప్పున లేస్తోంది. కొంగ మాత్రం చచ్చి కూడా కళ్లు తెరుచుకుని నిలబడి ఉంది.

ఎందుకలా నిలబడిందో లోకంలో అందరికంటే అతనికే బాగా తెలుసు. రెండు వేసవుల కిందట, యంత్రం ఒక్క నిమిషం పలక్కపోయినా సైరన్ మోగుతోందని నానా దేశాలవాళ్లూ దుమ్మెత్తి పోశారు. తిట్లు పడలేక నావూం నాలుగు వరుసలు రాశాడు: యంత్రం పలక్కపోతే, పలికేదాకా పాత అంకే చూపించు. ఎంతసేపు చూపించాలో రాయలేదు. పక్కన తనకోసం ఒక చిన్న గుర్తు పెట్టుకున్నాడు: 'ఎంతసేపు? తర్వాత చూడాలి.' ఇప్పుడు ఆ గుర్తు తెర మీద అతని మొహంలోకి చూస్తోంది.

ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదా? మూసేసిన ఉత్తరాల్లో వెతికాడు. రెండు దొరికాయి. రెండూ ఒకే మనిషివి. దెల్మి అర్గేతా, లాస్ పకాయాస్ బడిలో పంతులమ్మ, ఆ కొలత యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి.

ఆగస్టులో రాసింది: 'సార్, యంత్రం తీగ ఊడిపోయినా మీ తెర మీద పాత అంకే కనిపిస్తోంది. నేనే తీగ పీకి మూడు గంటలు చూశాను. ఫోటో పెట్టాను. వానలు రాకముందే ఒకసారి చూడగలరా?' దాని కింద: 'మీ ఆసక్తికి కృతజ్ఞతలు.'

అక్టోబరులో రాసింది: 'సార్, మళ్లీ రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీకు పని ఎక్కువని తెలుసు. మా బడి వంతెన పక్కనే, పిల్లలు నలభై ఒక్కమంది.' దాని కింద, పోయిన గురువారం తేదీతో: 'మీ ఆసక్తికి కృతజ్ఞతలు.'

"ఏంట్రా, పాలిపోయావ్?" అన్నాడు దోన్ చెంచో.

నావూం మీటల మీదికి వంగాడు. సైరన్‌కి నేరుగా ఆజ్ఞ పంపాడు. పంపిన వేలు ఇంకా మీట మీద ఉండగానే ఫ్యాన్ ఆగింది. దీపం పోయింది. ఫోన్ చూస్తే అందులోనూ సిగ్నల్ గీతలు లేవు. కిటికీ తీసి చెవొగ్గాడు. వాన తప్ప ఏమీ మోగలేదు.

లాప్‌టాప్‌ని సంచిలో కుక్కి భుజానేసుకుని, శంఖాన్ని తీగల మీంచి లాగి ముసలాయన చేతిలో పెట్టాడు.

"ఊదండి దోన్ చెంచో. దారి పొడుగునా ఊదండి."

ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. జీవితంలో మొదటిసారి.

ఇద్దరూ జారుతూ పడుతూ పల్లంలోకి దిగారు. దోన్ చెంచో మొదటిసారి ఊదితే శంఖంలోంచి బొద్దింక ఒకటి ఊడిపడింది. రెండోసారి ముసలి మేక దగ్గినట్టుంది. మూడోసారికి మాత్రం ఆ పాత గొంతు లేచింది. వాకిళ్లలో మనుషులు తలలు బయటపెట్టారు. కొందరు నవ్వారు కూడా.

"ఈయనకి వానకి మతి పోయింది!" అని ఒకడు అరిచాడు.

"ఎందుకయ్యా ఆ గోల? నావూం ఉండమన్నాడు!" అంది దోన్యా తొమాసా గుమ్మంలోంచి.

"నావూంని నేనే!" వీధి మధ్యలో మోకాటి లోతు బురదలో నిలబడి అరిచాడతను. "నేను చెప్పింది తప్పు! కొంగ పొద్దున్నే చచ్చింది! నదెంతుందో నాకు తెలీదు! మన బడి మిట్టకి పొండి!"

"ఇప్పుడా చెప్పేది, నీ మొహం మండ! పందిని రెండుసార్లు కట్టాను!"

"విప్పు తల్లీ! మూడోసారి కట్టకు!"

తిడుతూనే కదిలారు. ప్రతి గుమ్మం దగ్గరా నావూం అదే చెప్పాడు, నేను చెప్పింది తప్పు, నేను చెప్పింది తప్పు అని. గొంతు పోయాక తలుపులు బాదాడు. దున్యా పెనాన్ని నెత్తిన పెట్టుకుని, ఎవరిదో పసిపిల్లని చంకనేసుకుని మిట్టెక్కింది. తమ్ముడి పక్కనుంచి పోతూ అతని వైపు చూడలేదు.

ఒంటిగంటా ఇరవైకి నీరు కరకట్ట మీంచి పొర్లింది. మొదట పల్చగా, అంచులు దాటిన పాలలా. తర్వాత కట్టలో నలభై అడుగుల ముక్క ఒక్కసారిగా కూర్చుండిపోయింది. దున్యా కొట్టు గడప దగ్గర్నుంచి చూరు దాకా ఒకే గుక్కలో మాయమైంది. బడి వరండాలో మనుషుల్ని వీధివారీగా లెక్కపెట్టారు. అందరూ లెక్కకొచ్చారు. పంది కూడా. నావూంతో ఎవరూ మాట్లాడలేదు, తిట్టనూ లేదు. ఎనిమిదేళ్లుగా తిట్లు తిన్నవాడికి ఆ మౌనం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దోన్ చెంచో మిట్ట అంచున నిలబడి దిగువకి ఊదాడు. కాసేపటికి వానలోంచి, చాలా దూరంలో, ఎవరో తిరిగి ఊదారు. కింది ఊళ్లో ఎవడో శంఖం దాచుకునే ఉన్నాడు.

"మరి పై ఊరి నుంచి మనకెందుకు రాలేదు?" నావూం బొంగురు గొంతుతో అడిగాడు.

"ఇంక ఊదక్కర్లేదని వాళ్లకీ నువ్వేగా చెప్పావ్, నాయనా." ఈసారి ముసలాయన గొంతులో వేళాకోళం లేదు.

నావూం వరండా మూలన చతికిలబడి సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. బ్యాటరీ పదకొండు శాతం. ఆ నాలుగు వరుసలు కొట్టేసి ఆరు వరుసలు రాశాడు. యంత్రం ఐదు నిమిషాలు పలక్కపోతే అంకె చూపించకు, 'తెలియదు' అని చూపించు, సైరన్ మోగించు. రాయడానికి పావుగంట పట్టలేదు. అరగంట చాలు అని రాసినాయన కొంచెం ఎక్కువే చెప్పాడు.

రాసింది లోకానికి చేరాలంటే ఫోన్‌లో ఒక్క గీతైనా కావాలి. బడి వెనక నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కాడు. వెనకే దోన్ చెంచో కూడా ఎక్కాడు, ప్లాస్టిక్ పట్టా నెత్తిన పెట్టుకుని.

"మీరెందుకు?"

"నీ పెట్టె తడిస్తే మళ్లీ నన్ను ఊదమంటావ్. నాకు ఊపిరి లేదు."

పట్టా కింద నక్కి ఫోన్‌ని నాలుగు దిక్కులా తిప్పాడు. ఎటు తిప్పినా శూన్యం. ఎక్కడెక్కడో మూడు వందల నదుల పక్కన, ఇప్పుడీ క్షణాన ఏ యంత్రం తీగ ఊడిందో, ఏ అక్క ఏ తమ్ముణ్ణి అడుగుతోందో, అతనికి తెలియదు. చెయ్యి తిమ్మిరెక్కేసరికి కొండల వైపు ఒక గీత మెరిసింది. కొత్త కొంగ బయల్దేరింది. సగం దాకా వెళ్లి ఆగింది. కదిలింది. చేరింది. బ్యాటరీ ఐదు.

రెండు నిమిషాల్లో మొదటి ఉత్తరం వచ్చింది. 'ఈ మార్పు పెట్టగానే నా సైరన్ మోగింది. నిన్నెవడు మార్చమన్నాడు?'

"ఎవరది?" అన్నాడు దోన్ చెంచో.

"ఎవరో ఒక నది."

ద్వారపాలకుణ్ణి ఊడబీకి పారేశాడు. దెల్మి అర్గేతా ఉత్తరం తలుపు తెరిచాడు. ఏం రాయాలో తోచక రెండుసార్లు రాసి చెరిపేశాడు. బ్యాటరీ మూడు. 'మీరు చెప్పిందే నిజం. నాదే తప్పు. టీచరుగారూ, పిల్లలతో పైకెక్కారా?' అని రాసి పంపాడు.

ట్యాంకు మీంచి చూస్తే ఎగువన నదీ లేదు, ఒడ్డూ లేదు, బూడిద రంగు వానొక్కటే ఉంది. తెర మీద అతని వాక్యం, దాని కింద ఖాళీ.

"ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

"ఎంతసేపు చూస్తావ్?"

 తెర నల్లబడింది. దోన్ చెంచో పట్టాని అతని భుజాల మీద కప్పి, లేచి నిలబడ్డాడు. శంఖాన్ని చొక్కాకి తుడిచి, ఈసారి ఎగువకి, లాస్ పకాయాస్ వైపు తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. ఇద్దరూ తలలు వంచి విన్నారు. వాన. మళ్లీ ఊదాడు. మళ్లీ విన్నారు.