అర నిమిషం ఎక్కువ

పొద్దున్న ఆరింటికల్లా స్కేటింగ్ రింక్ తలుపులు తెరిచేవారు. ఐసు నునుపు చేసే బండి గుర్రుమంటూ బయల్దేరేది. అదే సమయానికి మెట్ల కింద చిన్న గదిలో సాన చక్రం కీచుమనేది. ఆ చక్రం దగ్గర కూర్చునే ఆవిడ ఇరవయ్యేళ్ళుగా అక్కడ స్కేట్లకి పదును పెడుతోంది. బ్లేడుని దీపం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, రెండంచులూ సమంగా ఉన్నాయో లేదో చూసుకునేది. తర్వాత అంచుని బొటనవేలి గోరు మీద మెల్లగా గీసేది. గోరు మీంచి సన్నటి పొర లేస్తే పదును కుదిరినట్టే.

ఆవిడ కూతురు పధ్నాలుగేళ్ళకే జూనియర్ల పోటీల్లో మొదటి స్థానం కొట్టింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, రెండేళ్ళలో జానెడు పెరిగిపోయింది. అందరూ ఆ అమ్మాయిని 'పొడుగు' అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పదిహేడేళ్ళు వచ్చాయి. ఈ ఏడాదే సీనియర్లలోకి వెళ్ళాలి.

పెరగనిది ఐసులో ఆమె ప్రతిబింబం ఒక్కటే. పొడుగు ఐసు మీద అడుగు పెట్టగానే, ఆ పాదాల కింద పాదాలు ఆనించుకుని, నీలం గౌనూ రెండు జడలూ వేసుకుని పధ్నాలుగేళ్ళ పిల్ల వచ్చి నిలబడేది. రింక్‌లో అందరికీ అది 'కింది పిల్ల'. "ఆ మూలకి ఇప్పుడే వెళ్ళకండమ్మా, కింది పిల్ల గిరగిరా తిరుగుతోంది" అని బండి నడిపే ఆయన మిగతా పిల్లల్ని పక్కకి తప్పించేవాడు. స్కేటింగ్ నేర్పే టీచరు తిడితే ఇద్దర్నీ కలిపే తిట్టేది.

చిక్కల్లా జంపుల దగ్గరే వచ్చింది. కింది పిల్ల గాల్లో మూడు చుట్లు తిరిగి, పిల్లి దూకినట్టు చప్పుడు లేకుండా దిగేది. పొడుగు అదే సమయానికి లేచేది గానీ, రెండున్నర చుట్లయ్యేసరికే ఐసు ఎదురొచ్చేది. తుంటి మీద, మోచేతి మీద పడి జారుకుంటూ అంచు గోడ దాకా వెళ్ళేది. అక్కణ్ణించి చూస్తే కింది పిల్ల ఆగకుండా తన దారిన తాను సాగిపోతూ ఉండేది.

"కిందకి చూడకే" అనేది టీచరు.

"చూడకపోతే ఎక్కడ లేవాలో తెలియదు టీచర్."

"చూస్తే మాత్రం తెలుస్తోందా?"

పొడుగు మోచేతికంటిన ఐసు దులుపుకుని మళ్ళీ మొదటికి వెళ్ళింది.

ఆమెతో పాటే సీనియర్లలోకి వెళ్తున్న స్నేహితురాలిని అందరూ 'పిచ్చుక' అనేవారు. ఐదేళ్ళ వయసు నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే పౌడరు డబ్బా. పిచ్చుక ఎత్తు పెరగలేదు, జంపులూ పోలేదు.

"నీ కాళ్ళలో కొంచెం నాకిచ్చెయ్యవే. పై అరలో బ్యాగు అందక చస్తున్నా" అంది ఓ రోజు, లేసులు బిగించుకుంటూ.

"పట్టుకుపో. మోకాళ్ళు కూడా ఉచితం."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. పిచ్చుక వెళ్ళి మూడు చుట్లు తిరిగి వచ్చింది. పొడుగు చప్పట్లు కొట్టింది. మనస్ఫూర్తిగానే కొట్టింది. కానీ ఆ తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దాచుకుంది.

సీనియర్ల ప్రదర్శన నాలుగు నిమిషాలు, జూనియర్ల కన్నా అర నిమిషం ఎక్కువ. కింది పిల్లకి ఆ సంగతి తెలియదు. మూడున్నర నిమిషాలవగానే గౌను అంచులు పట్టుకుని వంగి నమస్కరించి, ఉన్నచోటే నిలబడిపోయేది. పైన పొడుగు ఇంకా పాట పూర్తి చేస్తుంటే, జడ కొస తిప్పుకుంటూ, ఇంకా ఎంతసేపన్నట్టు చూసేది.

ఎంపిక పోటీ వారం ఉందనగా పొడుగు మెట్ల కింద గదిలోకి వచ్చి గడప మీద కూర్చుంది.

"అమ్మా, ఈ పోటీ అయ్యాక మానేస్తాను. నాకు సాన పట్టడం నేర్పు."

తల్లి చక్రం ఆపింది.

"నేర్పుతాను. పని మీద ఇష్టంతో వస్తే నేర్పుతాను. దాక్కోవడానికి వస్తే మాత్రం ఈ గది చాలా ఇరుకు."

"కింది పిల్ల నాకన్నా బాగా చేస్తుందమ్మా. అందరూ దాన్నే చూస్తారు."

"నువ్వు కూడానా?"

"నేనే ఎక్కువ చూస్తాను" అంది పొడుగు.

తల్లి బ్లేడుని నూనె గుడ్డతో తుడుస్తూ, "అయితే ఈ వారం చూసెయ్ కరువుతీరా. పోటీ అయ్యాక ఏమంటావో చెప్పు. ఏం చెప్పినా సరేనంటాను" అంది.

పోటీ ఆ రింక్‌లోనే జరిగింది. పధ్నాలుగు మంది అమ్మాయిలు వచ్చారు. మొదటి ఆరుగురికే సీనియర్ జట్టులో చోటు. పిచ్చుక తన వంతు రాగానే ఐసంతా ఒక ఊపు ఊపి, ముఖం నిండా నవ్వుతో బయటికొచ్చింది. పొడుగుది తొమ్మిదో నంబరు. తల్లి గదికి తాళం వేసి వచ్చి అంచు గోడ దగ్గర నిలబడింది.

పాట మొదలైంది. మొదటి జంప్‌లో కింద మూడు చుట్లు, పైన రెండు. అయినా శుభ్రంగానే దిగింది. రెండోదానికి మాత్రం పంతం పట్టి మూడింటికీ లేచింది. పడింది. చప్పుడు పై వరస దాకా వినిపించింది.

ఎప్పుడూ ఆగని కింది పిల్ల ఆ రోజు ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, పడిన చోటికి సరిగ్గా కింద మోకాళ్ళ మీద కూర్చుంది. కింద నుంచి అరచెయ్యి ఐసుకి ఆనించింది. పైన పొడుగు చెయ్యి కూడా అక్కడే ఉంది. ఆ చోట ఐసు వెచ్చగా తగిలింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు దగ్గరగా చూసుకున్నారు. ఆ పిల్ల కళ్ళల్లో గర్వం ఏమీ లేదు. బోలెడంత ఆశ్చర్యం ఉంది. ఇంత పెద్దదాన్నవుతానా నేను, అన్నట్టు చూస్తోంది.

పొడుగు లేచింది. పాట మూడు వరసలు ముందుకెళ్ళిపోయింది. పరుగెత్తి అందుకుంది. అక్కణ్ణించి కింది పిల్ల ముందు వెళ్ళలేదు. అక్క వెనకాల చెల్లెలు నడిచినట్టు, పై కాళ్ళు ఎటు తిరిగితే అటు తిరిగింది. పొడుగు రెండు చుట్లు తిరిగితే రెండే తిరిగింది. ఏ అడుగైనా తెలియకపోతే తలెత్తి చూసి పట్టుకుంది.

మూడున్నర నిమిషాలయ్యాయి. కింది పిల్ల ఎప్పట్లాగే గౌను అంచులు పట్టుకుంది. కానీ ఈసారి జనం వైపు కాకుండా పైకి, పొడుగుకే నమస్కరించింది. తర్వాత వెనుదిరిగి, ఐసు అడుగునే తేలిగ్గా జారుకుంటూ గేటు వైపు వెళ్ళింది. అంచు గోడ దగ్గర తల్లి కాళ్ళ కిందుగా దాటుతుంటే, ఆవిడ వంగి, బడికి పంపేటప్పటిలా చెయ్యి ఊపింది. "జాగ్రత్త తల్లీ" అంది.

మధ్యలో కూర్చున్న పెద్ద న్యాయనిర్ణేత గబగబా నిబంధనల పుస్తకం తిరగేశాడు. ప్రతిబింబం ముందుగా వెళ్ళిపోతే మార్కులు కొయ్యాలని ఎక్కడా లేదు. పుస్తకం మూసి, మళ్ళీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

మిగిలిన అర నిమిషం పొడుగు కింద ఎవరూ లేరు. తెల్లటి ఐసు, అంతే. చూడ్డానికి ఏమీ లేక ఆమె తల పైకెత్తింది. పెద్ద జంపులన్నీ అయిపోయాయి, మిగిలింది సాగడమే. ఒక్క తోపు తోసి, ఒంటికాలి మీద వాలింది. ఇదివరకు ఐదు తోపులు తోస్తే గానీ అందని అవతలి గోడ రెండో తోపుకే వచ్చేసింది. ఇంత పెద్ద కాళ్ళు, ఇంత పొడవైన చేతులు! అవి ఇంత దూరం తీసుకెళ్తాయని ఆమెకే తెలియదు. గోడ దగ్గర మలుపు తిరిగి, రింక్ మొత్తాన్నీ ఒకే వంపులో చుట్టేసింది. పాట ఆగింది. మొట్టమొదట ఈల వేసింది పిచ్చుకే.

అందరి వంతులూ అయి మార్కులు వచ్చేదాకా టీచరు, పొడుగు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. పొడుగు మోచెయ్యి వాచింది. పిచ్చుక మొదటి స్థానంలో నిలిచింది. పొడుగుకి ఆరోది వచ్చింది.

"ఆరుగురిలో ఆరోదానివి" అంది టీచరు. "ఇప్పుడు చెప్పు. మీ అమ్మ నాతో అంతా చెప్పిందిలే. మానేస్తావా?"

పొడుగు చొక్కా చేత్తో చెమట తుడుచుకుంది. ఐసు మీద బండి అప్పటికే గీతలన్నీ చెరిపేస్తోంది.

"సోమవారం ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.

"ఆరింటికి."

"ఐదున్నరకి రానా టీచర్? ఈ కాళ్ళతో మూడు చుట్లు మొదట్నుంచీ నేర్చుకోవాలి."