చూపులకు సిద్ధమైన ఇల్లు

ఇల్లు అమ్మేస్తానని దేవవ్వ చెప్పినప్పుడు కూతురు కళ్యాణి మొదట నమ్మలేదు. జగిత్యాలలోని ఆ ఇంటిని కట్టించింది తండ్రి రాజం. ఒకప్పుడు సారంగాపూర్‌లో పరుల పొలాల్లో కూలి చేసిన కుటుంబం వాళ్లది. రాజం కరెంటాఫీసులో హెల్పర్‌గా చేరి, వచ్చే జీతంలో మిగుల్చుకుంటూ మూడు గదులు లేపాడు. ఆయన పోయాక కూడా దేవవ్వ ఆ ఇల్లు వదల్లేదు. హాస్టల్లో వంట చేస్తూ కొడుకు అభిలాష్‌ను చదివించుకుంది. కళ్యాణి సిరిసిల్లలో నర్సు. పెళ్లయినప్పటి నుంచి అక్కడే ఉంటోంది.

కిందటేడు చలికాలంలో అభిలాష్ చనిపోయాడు. తెలంగాణ ఇక రాదేమోనన్న దిగులుతో తన ప్రాణం తానే తీసుకున్నాడు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లవాడు. ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ఆ రోజు నుంచి అతని గది ఇంటివాళ్లది కాకుండా పోయింది. గోడకు నిలువెత్తు ఫోటో, దాని చుట్టూ జెండాలు, గేటు మీద ఫ్లెక్సీ. బంద్ ఉన్నా ర్యాలీ ఉన్నా జనం ముందు అక్కడికి వచ్చి, దండ వేసి, నినాదం ఇచ్చి కదిలేవారు. దేవవ్వ అందరికీ చాయ్ పెట్టేది. వాళ్ల మీద ఆమెకు కోపం లేదు. తెలంగాణ ఆమెకూ కావాలి. హాస్టల్ వంటవాళ్లతో కలిసి తానూ ధర్నాలో కూర్చుని వచ్చిన మనిషే.

ఆమె మనసు మారింది దీవెన వల్ల. దేవవ్వ వెళ్లే చర్చికే వచ్చే అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. మొదట్లో అందరితో పాటు వచ్చేది. తర్వాత ఒక్కతే రావడం మొదలుపెట్టింది. ఫోటో ముందు చాపేసుకుని చాలాసేపు కూర్చునేది. ఒక మధ్యాహ్నం దేవవ్వ చాయ్ గ్లాసు అందిస్తుంటే ఆ పిల్ల తల ఎత్తకుండానే అంది.

"పెద్దమ్మా, అన్న లెక్క పోతెనే మన మాట వింటరు గావచ్చు."

దేవవ్వ గ్లాసు కింద పెట్టింది. ఆ పిల్ల చేయి పట్టుకుని లేపి, అలాగే నడిపించుకుంటూ వాళ్లింటికి తీసుకుపోయింది. తల్లిని పక్కకు పిలిచి విన్నది విన్నట్టు చెప్పింది. పిల్లను ఒంటరిగా వదలొద్దని, చదువు చెప్పే మేడమ్‌కు కూడా చెప్పమని, డాక్టర్‌తో మాట్లాడించమని బతిమాలింది. కళ్యాణికి ఫోన్ చేసి డాక్టర్ పేరు కనుక్కుని, మరునాడు తానే వెంట వెళ్లింది. తిరిగి వచ్చాక కొడుకు గది గుమ్మంలో నిలబడి చూసింది. ఆ గది పిల్లల్ని పిలుస్తున్నట్టు అనిపించింది. అప్పుడే అనుకుంది, ఈ ఇల్లు ఇలా ఉండకూడదని.

తన పేరు మీదున్న ఇల్లు తాను అమ్మడానికి అడ్డేమీ లేదు. కానీ కొనేవాళ్లు దొరకలేదు. మొదట వచ్చిన జంట ముందు గది, వంటిల్లు చూసి బాగుందన్నారు. మూడో గది తలుపు తీయగానే మాట ఆగిపోయింది. మంచినీళ్లు తాగి, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి చెబుతామని వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లు గేటు దగ్గరి ఫ్లెక్సీ చూసి లోపలికే రాలేదు. ఉన్నదున్నట్టు చూపిస్తే ఈ ఇల్లు పోదని, ఇళ్లను చూపులకు తయారుచేసే పనివాళ్లు ఇప్పుడు ఉన్నారని, వాళ్లలో ఎవరికైనా అప్పజెప్పమని ఇళ్ల బ్రోకరు సలహా ఇచ్చాడు.

కళ్యాణికి వెంటనే గుర్తొచ్చింది ప్రభాకర్. క్లాక్ టవర్ దగ్గర అతనికి ఇంటీరియర్ షాపు ఉంది, పక్కనే ఫ్లెక్సీలు కొట్టే మిషన్ ఉంది. అభిలాష్‌కు బాగా తెలిసినవాడు. గేటు మీది ఫ్లెక్సీ కూడా అతను పైసా తీసుకోకుండా కొట్టించినదే. పిలవగానే వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, మూడో గదిలో ఫోటోకు దండం పెట్టుకుని, ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందు గది పైకప్పులో చెమ్మ మరక ఉంది. దాని కింద పీఓపీ సీలింగ్ వేస్తే కనబడదన్నాడు. గోడలకు లేత రంగు, వాకిట్లో టైల్స్ అన్నాడు. మూడో గది దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. ఫోటో, జెండాలు తీసేసి, గది మొత్తం అల్మారాలు బిగించి స్టోర్ రూమ్ అని చూపిద్దామన్నాడు. కొనేవాళ్లను బయటూరి నుంచి తానే తెస్తానని, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకపోతే చాలని చెప్పాడు.

"తప్పుగ అనుకోకు పెద్దమ్మా. తమ్ముడంటె నాకు పానం. గని ఇల్లు అమ్ముడువోవాలంటె గిట్లనే జెయ్యాలె."

అతను మోసగాడు కాదు. వాళ్ల మేలు కోరే చెప్పాడు. కళ్యాణికి అతని మాట నచ్చింది. దేవవ్వ మాత్రం ఆలోచించి చెబుతానంది.

హాస్టల్లో ఆమెతో పనిచేసే రాజమణి కోరుట్ల మనిషి. సమ్రీన్ సంగతి చెప్పింది ఆమే. సమ్రీన్ కోరుట్లలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక భర్త జీషాన్‌తో దుబాయ్ వెళ్లింది. అక్కడ ఒక బిల్డర్ దగ్గర అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లను సామాన్లతో, పరదాలతో తీర్చే పని నేర్చుకుంది. దుబాయ్‌లో పనులు పడిపోయాక ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇప్పుడు ఆమె ఇల్లు చూసి ఏం చేయాలో చెబుతుంది, జీషాన్ రంగులు, వడ్రంగం చూసుకుంటాడు.

అప్పటికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆఫీసులకు, బడులకు తాళాలు పడ్డాయి. కళ్యాణి ఎవరి బండి మీదనో సిరిసిల్ల నుంచి వచ్చింది. సమ్రీన్, జీషాన్ కోరుట్ల నుంచి స్కూటర్ మీద వచ్చారు. దారిలో రాస్తారోకో దగ్గర ఆగి, అక్కడివాళ్లు పెట్టిన పులిహోర తిని మరీ బయలుదేరామని జీషాన్ నవ్వుతూ చెప్పాడు.

సమ్రీన్ చప్పుడు చేయకుండా ఇల్లు చూసింది. కిటికీలన్నీ తీయమంది. వంటింట్లో అరల నిండా ఉన్న గిన్నెలు చూసి, సగం మూట కట్టేస్తే గది పెద్దగా కనిపిస్తుందంది. చెమ్మ మరక చూసి జీషాన్‌ను మేడ ఎక్కించింది. నీళ్లు దిగే చోటు ముందు బాగు చేయాలని, ఆ తర్వాతే రంగు అని అతను పైనుంచే చెప్పాడు. ఆఖరున మూడో గదిలోకి వచ్చింది. ఫోటో చూసింది. ఎవరని అడగలేదు, ఫ్లెక్సీల మీద చూసిన ఆ ముఖం ఆమెకు తెలుసు. కాసేపు తల వంచుకుని నిలబడి, తర్వాత దేవవ్వ వైపు తిరిగింది.

"అమ్మా, గీ గదిల ఆయిన ఏం జేస్తుండె?"

దేవవ్వకు ప్రశ్న అర్థం కాలేదు. పని కోసమే అడుగుతున్నానని, మంచం ఎటు ఉండేదో, ఎక్కడ కూర్చుని చదివేవాడో తెలిస్తే గదిని ఎలా పెట్టాలో తనకు తెలుస్తుందని సమ్రీన్ వివరించింది. దేవవ్వ చెప్పడం మొదలుపెట్టింది. మంచం కిటికీ కిందనే ఉండేది. పొద్దున ఎండ ముఖాన పడితే గానీ లేచేవాడు కాదు. చదువుతున్నానని చెప్పి క్రికెట్ కామెంట్రీ వినేవాడు. జొన్నరొట్టె మీద కారం వేసుకుని మంచం మీదే తిని, చీమలు పడితే తిట్లు తినేవాడు. తనకు అక్క అయినా కళ్యాణిని పేరు పెట్టే పిలిచేవాడు. చెబుతూ చెబుతూ దేవవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. సమ్రీన్ కూడా ఎదురుగా కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ కళ్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చనిపోయాక అతని గురించి మైకుల్లో ఎందరో మాట్లాడారు. అతను ఎట్లా చనిపోయాడో అందరికీ తెలుసు. ఎట్లా ఉండేవాడో ఎవరూ అడగలేదు.

సమ్రీన్ తన లెక్కలో ఏం చేయాలో చెప్పింది. ఇది మళ్లీ ఒక పిల్లవాడో పిల్లో పడుకుని చదువుకునే గదిలా ఉండాలి. కిటికీ కింద మంచం, పక్కన బల్ల, పలచటి పరదా. ఫోటో దేవవ్వ వెంట వెళ్లాలి. ఆ తర్వాత తన షరతు చెప్పింది.

"ఇల్లు సూడనీకి అచ్చినోళ్లకు ముందుగాల్నే చెప్పాలె, గీ ఇంట్ల ఏమైందో. దాసిపెట్టుమంటె నేను జెయ్య. రేపు వాళ్లు బజార్ల ఎదురైతె నేను ముకం ఎట్ల సూపియ్యాలె?"

కళ్యాణి ఒప్పుకోలేదు. సమ్రీన్‌ను వాకిట్లో కూర్చోబెట్టి వచ్చి తల్లితో వాదించింది. చెప్పాక ఎవరు కొంటారంది. ప్రభాకర్ మనవాడు, ఊరివాడు, కొనేవాళ్లను కూడా తెస్తానంటున్నాడు, ఈమె ఎవరో ఏమిటో అంది. అన్నీ న్యాయమైన మాటలే. దేవవ్వ చివరిదాకా విన్నది.

"దాసిపెట్టి అమ్మితె, కొన్నోళ్లకు రేపు పక్కింటోళ్లు చెప్తరు బిడ్డా. గప్పుడు ఆ గదిల వాళ్ల పిల్లలు భయంతోని పండుకుంటరు. నా కొడుకును సూసి ఎవ్వలు భయపడొద్దు, ఎవ్వలు వాని లెక్క కావాలని అనుకోవద్దు. గీ పిల్లకే ఇద్దాం పని."

కళ్యాణి ప్రభాకర్‌కు తానే ఫోన్ చేసి చెప్పింది. అతను నొచ్చుకున్నాడు. అయినా మరునాడు నిచ్చెన తెచ్చి, గేటు మీది ఫ్లెక్సీని తన చేతులతోనే విప్పి, జాగ్రత్తగా చుట్టి తీసుకుపోయాడు.

పని జరిగినన్నాళ్లూ దేవవ్వ ఇంట్లోనే ఉంది. సమ్మె వల్ల హాస్టల్ కూడా మూసే ఉంది. జీషాన్ మేడ మీద గచ్చు తవ్వి మళ్లీ పోశాడు. మూడో గది ఖాళీ చేసే రోజు సమ్రీన్ ఏ వస్తువునూ తాను ముట్టుకోలేదు. ఒక్కొక్కటి దేవవ్వ తీసి ఇస్తే అందుకుంది. జెండాలను విద్యార్థి సంఘం పిల్లలు వచ్చి పట్టుకుపోయారు. వాళ్లలో ఒకడు, అన్న జ్ఞాపకం లేకుండా చేస్తున్నావని గట్టిగా అన్నాడు. దేవవ్వ అతన్ని కూర్చోమంది. తెలంగాణ వచ్చేదాకా కొట్లాడమని, వచ్చిన రోజు చూడటానికి బతికి ఉండమని, తన కొడుకుకు వేసే దండ అదేనని చెప్పింది. అతను చాప మడిచి ఇచ్చి వెళ్లిపోయాడు. పుస్తకాలను తల్లితో పాటు వచ్చిన దీవెనకు ఇచ్చింది. ఆ పిల్ల కొంచెం తేరుకుంది, కానీ పూర్తిగా కాదు. డాక్టర్ దగ్గరికి ఇంకా వెళుతోంది.

గోడ మీద ఫోటో ఉన్న మేరకు సున్నం రంగు వేరుగా కనిపించింది. జీషాన్ దానిమీద బ్రష్ పెట్టే ముందు దేవవ్వ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను రంగు వేస్తుంటే ఆమె వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు కూర్చుని, గొంతు పైకి రానీయకుండా ఏడ్చింది. సమ్రీన్ వెళ్లి పక్కన కూర్చుంది.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక చూసేవాళ్లు రావడం మొదలైంది. ఇల్లు కళకళలాడుతోంది. వచ్చిన ప్రతివాళ్లకూ గేటు దగ్గరే సంగతి చెప్పారు. కళ్యాణి భయపడినట్టే జరిగింది. ఒక మాస్టారు అయ్యో అని వెనక్కి తిరిగాడు. మరొకాయన ఇల్లు అంతా చూసి, ఇలాంటి ఇంటికి అడిగిన ధర ఎవరిస్తారని సగానికి బేరం పెట్టాడు. సంక్రాంతి దాటింది, ఎండలు ముదిరాయి. మంచం, బల్ల, పరదాలు సమ్రీన్ కిరాయికి తెచ్చి పెట్టినవి. వాటిని ఇంకొన్నాళ్లు ఉండనిమ్మని దుకాణదారుతో తానే మాట్లాడింది. కళ్యాణి తల్లిని ఏమీ అనలేదు గానీ, ప్రభాకర్ మాట విని ఉంటే అని ఒకటి రెండుసార్లు భర్తతో అనుకుంది.

ఆ ఎండాకాలంలో వచ్చారు నర్సన్న, శంకరవ్వ. బోయినపల్లి వాళ్లు. నర్సన్నకు జగిత్యాల మార్కెట్ యార్డులో గుమాస్తా పని దొరికింది. గేటు దగ్గర దేవవ్వ చెప్పింది విని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెళ్లిపోతారనుకుంది దేవవ్వ. శంకరవ్వ మాత్రం ఏ గది అని అడిగింది. చూపించగానే లోపలికి వెళ్లి, మంచం మీద కూర్చుని, కిటికీలోంచి బయటికి చూసింది.

"మా పెద్దబిడ్డ ఇంటర్ల చేరుతది అక్కా. గీ గది దానికి ఇస్త. నీ కొడుకు పేరేంది?"

దేవవ్వ పేరు చెప్పింది. శంకరవ్వ ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకుంది. తమ ఊళ్లో కూడా ఒక ఇంట్లో ఇలాగే అయిందని, ఆ తల్లి గుమ్మం దాటి బయటికి రావడం లేదని చెప్పింది. ధర దగ్గర నర్సన్న కొంత తగ్గించమన్నాడు, దేవవ్వ కొంత తగ్గించింది.

ఇల్లు అప్పగించే రోజు పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. శంకరవ్వ వెనక నిలబడి తానూ చేతులు జోడించింది. సమ్రీన్ మంచం, బల్ల తీసుకుపోవడానికి ఆటోతో వస్తే, వాటిని అక్కడే ఉంచమని, ఎంతైనా తామే కొంటామని శంకరవ్వ పట్టుబట్టింది. సమ్రీన్ దేవవ్వ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. వచ్చే రంజాన్‌కు కోరుట్ల రమ్మంది.

కళ్యాణి దగ్గర ఉండటానికి వెళుతున్న దేవవ్వకు సిరిసిల్ల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటేటప్పుడు ఏడుపు వస్తుందేమోనని కొంగు సిద్ధం చేసుకుంది. బస్సు కదిలి గాలి తగలగానే నిద్ర ముంచుకొచ్చింది. వేములవాడలో రాజన్న భక్తులు తలనీలాలు ఇచ్చిన గుండ్లతో, కొబ్బరి చిప్పలతో, పిల్లలతో ఎక్కి బస్సు నిండిపోయినా ఆమెకు తెలియలేదు. పక్కన కూర్చున్నవాళ్ల పసిపాప ఆమె భుజం మీద తల వాల్చింది. సిరిసిల్ల స్టాండులో కళ్యాణి బస్సెక్కి వెతికి, తట్టి లేపేదాకా ఇద్దరూ అలాగే నిద్రపోతున్నారు.