తిరగేసిన తాంబూలం సంచి

నేను ఒక తాంబూలం సంచిని. తణుకులో సాహితి పెళ్ళి కోసం పుట్టాను. నా పొట్టమీద ఎర్రటి అక్షరాలతో 'సాహితి వెడ్స్ శశాంక్' అని, కింద చిన్నగా 'ప్లాస్టిక్ వాడకండి' అని అచ్చేశారు. అచ్చు ఆరగానే మురికి పట్టకుండా మమ్మల్ని ఒక్కొక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. మనుషుల తెలివికి అప్పట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా లేదు.

నా తోబుట్టువులంతా కొబ్బరికాయ దించేసి పరుపుల కిందకి వెళ్ళిపోయారు. నేను మాత్రం పెళ్ళికూతురి పెద్దమ్మ వకుళమ్మ చేతిలో పడ్డాను. ఆవిడకు ప్యాకెట్ల సరుకంటే ఒళ్ళుమంట. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలతో చిన్న సంచులు కుట్టి, వాటిని నాలో కుక్కి కిరాణా కొట్టుకు బయలుదేరేది. పప్పులు బస్తాలోంచి తీసి వాటిలో పోయాల్సిందే. కొట్టు ధనుంజయ ఆవిణ్ణి చూడగానే నిట్టూర్చేవాడు. మోసీ మోసీ నా పట్టీలు సాగిపోయాయి.

రెండేళ్ళు తిరక్కుండానే సాహితికి విడాకులయ్యాయి. పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది. శశాంక్ పేరెత్తకూడదని వకుళమ్మ అందరికీ గట్టిగా చెప్పింది. చెప్పిన మనిషే, మర్నాడు ఆ పిల్ల కొట్టుకు వెళ్తానంటే, అలవాటు కొద్దీ నన్ను తీసి చేతికిచ్చింది.

వీధి మలుపులో సాహితి నా మీది అక్షరాలు చూసింది. వాటిని పొట్టకు ఆనించుకుని నడిచింది. ఎవరైనా ఎదురైతే నన్ను ఇంకా గట్టిగా అదుముకునేది, పాపం. కొట్లో నన్ను మడిచి చంకలో దాచేసి, సరుకులన్నీ ప్లాస్టిక్ కవర్లలో వేయించుకుంది.

ఇంటికొచ్చిన కవర్లను చూసి వకుళమ్మ కేకలేయబోయింది. అంతలో నన్ను చూసి నోరు నొక్కుకుంది.

"నా బుద్ధి గడ్డి తిన్నదమ్మా. దీన్ని ఇప్పుడే పారేస్తాను," అంది.

దారప్పోగు కూడా పారేయని మనిషి నన్ను చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళింది. మోత తప్పుతుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే పెద్దగా బాధ కూడా కలగలేదు. ఇంతలో సాహితి వచ్చి నన్ను లాక్కుంది. లోపలి వైపు బయటకు తిప్పి, మూలలు వేలితో పొడిచి సరిచేసింది. నా కుట్లన్నీ బయటపడ్డాయి.

"గుడ్డేం చేసింది పెద్దమ్మా? గట్టిగానే ఉందిగా," అంది.

ఇప్పుడు వారం వారం ఆ పిల్లే నన్ను తీసుకెళ్తోంది. ధనుంజయ నిట్టూర్పులు కూడా తనకే దక్కుతున్నాయి. ఆ రెండు పేర్లూ నా లోపల, పప్పు సంచులు రాసుకుని కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నాయి. 'ప్లాస్టిక్ వాడకండి' అన్న మాటా లోపలికే పోయింది, దాన్నిక ఎవరూ చదవరు. సాహితి కవర్ వద్దంటుంది, నేను మోస్తాను.