నావ నడిపినవాళ్ళ ముఖాలు

లెపాంటో దగ్గర తుర్కులతో జరిగిన యుద్ధంలో మా వృత్తి సంఘంవాళ్ళు పదకొండుమంది పోయారు. అందరూ ఒకే నావలో తెడ్లు వేసినవాళ్ళు. రెండేళ్ళకు వెనిస్‌లో మా సంఘం గదికి ఆ యుద్ధం బొమ్మ వేయించాం. గెలిచిన రోజైన సాంటా జుస్తీనా పండుగకి అది గోడకెక్కాలి.

మూడు వారాల ముందు చిత్రకారుడు జువానే గుడ్డ తీసి చూపించాడు. ఎదురుగా తుర్కుల నావలు. మా నావలో మనుషులు శత్రువు వైపు తిరిగి, నిలబడి తెడ్లు తోస్తున్నారు. చూసేవాళ్ళకు వాళ్ళ వీపులు కనిపిస్తాయి. బాగుందని అందరూ అన్నారు.

బోర్తొలో అనలేదు. అతను ఆ నావలో ఉన్నాడు. అతనితో పాటు అదే తెడ్డు పట్టిన నదాల్ చనిపోతే సముద్రంలో వేశారు. సమాధి లేదు. బొమ్మలో మొగుణ్ణి చూపిస్తానని నదాల్ భార్య ఓర్సొలాకు బోర్తొలో మాటిచ్చాడు.

“అయ్యా, ఇది కాలువలో కూరగాయల పడవ తోసినట్టుంది. యుద్ధనావలో కూర్చుని లాగుతాం. వెనక్కి తిరిగి.”

జువానే పుట్టి పెరిగింది కాలువల మీద. నిలబడి, ముందుకు చూస్తూ నడపడమే అతనికి తెలుసు. యుద్ధనావ ఎప్పుడూ ఎక్కలేదు.

సంఘం పెద్ద మార్కియో ఒప్పుకోలేదు. శత్రువుకు వీపు పెడితే పారిపోతున్నారనుకుంటారని అన్నాడు. “మన పిల్లలే నవ్వుతార్రా.”

“వెనక నుంచి గుండ్లు వస్తుంటే నావని వాళ్ళ మీదికే లాగాం పెద్దాయనా. ఒక్కడూ మెడ తిప్పలేదు. నవ్వేవాణ్ణి నా దగ్గరికి పంపించు.”

మార్కియో బొమ్మ మార్చమన్నాడు.

జువానే బోర్తొలోను బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి చీపురుకర్ర ఇచ్చి గీసుకున్నాడు. మనుషుల్ని తిప్పేసరికి వీపులు పోయి ముఖాలు వచ్చాయి. పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి మనుషులు వచ్చి, ఎవరి పోలిక ఎలా ఉండాలో చెప్పారు. ఓర్సొలా మాత్రం పండుగనాడే చూస్తానంది.

ఆ రోజు ఆమె చూపు బొమ్మలో తెడ్లవాళ్ళ రెండో బల్ల దగ్గర ఆగింది.

“ఆయనే. కానీ ముక్కు ఇంత చిన్నది కాదు.”

“నేను చెప్తే జువానే నమ్మలేదమ్మా,” అన్నాడు బోర్తొలో. “అంత ముక్కు ఎవరికీ ఉండదన్నాడు.”

ఆశీర్వదించడానికి వచ్చిన ఫాదర్‌ను మార్కియో ఆగమన్నాడు. జువానే కుంచె తీసుకుని నిచ్చెన ఎక్కాడు. కింద నుంచి ఓర్సొలా చాలనేదాకా దిగలేదు.