కడుపులో దాచుకున్న మాట

గువ్వ గుండె డాక్టర్ అవుతుందని ఇంట్లో ఎప్పుడో ఖాయమైపోయింది. ఖాయం చేసింది వాళ్ల నాన్న. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. సొంత దేశం వదిలి కుటుంబాన్ని వెంటేసుకుని వచ్చిన కొత్తలో ఇక్కడి భాషకి నోరు తిరక్క నానా అవస్థా పడ్డ మనిషి, ఇప్పుడు బస్సెక్కేవాళ్లతో బాతాఖానీ వేసేంతవాడయ్యాడు. ఆ బాతాఖానీలో సగం కూతురి గురించే. "మా అమ్మాయి హార్ట్ స్పెషలిస్టు కాబోతోంది" అని ఆయన చెప్పని స్టాపు లేదు.

అందుకే మెడిసిన్ ఆఖరి ఏడాదిలో ఒక సాయంత్రం భోజనాల దగ్గర గువ్వ, "నాన్నా, నేను ఆడవాళ్ల వైద్యంలోకి వెళ్దామనుకుంటున్నా" అనేసరికి ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అంటే, పురుళ్లు పోస్తావా?"

"పురుళ్లొక్కటే కాదు నాన్నా..."

"ఇంత చదువూ చదివింది అందుకా? మన ఊళ్లో మంత్రసాని బడి గడప తొక్కలేదు. ఆవిడ చేసిందీ అదే పని కదే!"

"మీ కూతుర్ని లోకంలోకి లాగింది ఆవిడే. ఆ రోజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు, మర్చిపోయారా?" అంది అమ్మ.

ఇరుకున పడ్డప్పుడు ఎప్పుడూ చేసే పనే ఆయన చేశాడు. మంచినీళ్లు అడిగాడు.

ఆ గదిలో ఇంకో మనిషి ఉంది. గువ్వ మేనత్త, అంటే నాన్నకి అక్క. మొగుడు పోయినప్పట్నుంచీ తమ్ముడి దగ్గరే ఉంటోంది, వాళ్లతోపాటే ఈ దేశం వచ్చింది; పెళ్లిళ్లయిన పిల్లలు అక్కడే ఉండిపోయారు. కర్టెన్లు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తుంది. పొట్టిగా, గుండ్రంగా కళ్లు తిప్పుకుంటూ తిరిగే మేనకోడలికి గువ్వ అని పేరు పెట్టింది ఆవిడే. నోరు తెరిస్తే సామెతే రాలుతుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం పొయ్యి వైపు తిరిగి, ఎప్పుడో ఉడికిపోయిన కూరని ఊరికే కలుపుతూ నిలబడింది.

గువ్వకి ఆ కోరిక ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆడవాళ్ల ఓపీలో శిక్షణకి వేసినప్పట్నుంచీ మనసంతా అక్కడే. ఆ విభాగానికి పెద్ద డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. తెల్లజుట్టు, కటువు మాట, కానీ ఒక మంచి అలవాటు. చూడటం అయిపోయాక కూడా కుర్చీలోంచి కదిలేది కాదు. తొందరేమీ లేనట్టు కూర్చునేది. నడుం నొప్పని వచ్చినావిడ మందు చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యేసి ఆగేది. "ఇంకోటి కూడా ఉందండీ..." అనేది. ఆ ఇంకోటే అసలు జబ్బు.

నాన్నతో ఆ మాటయిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం అలాగే, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆవిడ వచ్చింది. ఆవిడది గువ్వ భాషే కాబట్టి గువ్వని పిలిచారు. నడుం నొప్పి అంది, మోకాళ్లు అంది. చివరికి తల వంచుకుని, "కింద ఏదో జారుతున్నట్టుంటుందమ్మా. ఏళ్లయింది. బయటికెళ్లాలంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తా" అంది.

గర్భసంచి జారింది. పెద్ద డాక్టరమ్మ అది జారకుండా లోపల ఆపే మెత్తటి రింగు ఒకటి అమర్చింది. లాండ్రీ ఆవిడ లేచి నాలుగడుగులు వేసింది, వంగి చూసింది, దగ్గి చూసింది. "ఇంతేనా?" అంది నమ్మలేనట్టు. తర్వాత కోపంగా, "ఇంతేనా!" అంది.

ఆ కోపం గువ్వకి బాగా గుర్తుండిపోయింది. కానీ ఆవిణ్ణి పంపించి చేతులు కడుక్కుంటుంటే ఇంకోటి తట్టి, కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయింది. బయటికెళ్లే ముందు నీళ్లు తాగకపోవడం. సంచిలో ఎప్పుడూ ఒక మడత గుడ్డ. పెళ్లిళ్లకి రమ్మంటే మోకాళ్ల వంక. ఎంత దూరమైనా బస్సెక్కనని నడకే. ఇవన్నీ అత్త అలవాట్లు! చిన్నప్పట్నుంచీ చూస్తోంది. చాదస్తం అనుకుంది. వేళాకోళం కూడా చేసింది.

ఆ ఆదివారం నాన్న డ్యూటీకి వెళ్లాడు, అమ్మ బజారుకెళ్లింది. అత్త మంచం అంచున కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. గువ్వ పక్కన చేరి ఒక దుప్పటి కొస పట్టుకుంది.

"అత్తా, నీకు మోకాళ్లు నిజంగా నొప్పా?"

"ఏం, డాక్టరీ నా మీదే మొదలెడతావా?"

"కింద ఏమైనా జారుతున్నట్టు ఉంటుందా?"

దుప్పటి రెండో కొస అత్త చేతిలోంచి జారిపోయింది. "ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే చెప్పావు. నోటితో కాదు."

అప్పుడు చెప్పింది. రెండో కాన్పయిన వారానికే నీళ్ల బిందెలు ఎత్తడం, ఒకరోజు ఉన్నట్టుండి కాళ్ల మధ్య బరువుగా అనిపించడం, అత్తగారికి చెప్తే "మాకందరికీ ఉన్నదే" అని కొట్టిపారెయ్యడం. మొగుడికి చెప్పలేదు. తమ్ముడికి ఎలా చెప్తుంది?

"ఎవరితో చెప్పుకోమంటావే? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది."

"చించుకోకుండానే పడుతోంది కదత్తా!"

అత్త నోరు తెరుచుకుని చూసింది. మరుక్షణం ఇద్దరూ పకపకా నవ్వడం మొదలుపెట్టారు. "ఓసి నీ... నవ్వించకే, నవ్వితే ఆగి చావదు!" అంటూ అత్త పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది. గువ్వ ఆవిడ భుజం మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ ముందే చెప్పేసింది. "సొంతవాళ్లని నువ్వు చూడకూడదు. పక్కన ఎవరుండాలో కూడా ఆవిడే చెప్పాలి."

అత్త చాలాసేపు ఆలోచించి, "పరాయివాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఇదే ఉండాలి. కానీ తెర అవతల ఉండాలి" అంది.

అలా తెరకి ఇవతల డాక్టరమ్మ ప్రశ్న, అవతల్నుంచి గువ్వ గొంతు, మధ్యలో అత్త సామెతలు. ఆ సామెతల్ని ఇక్కడి భాషలోకి మార్చలేక గువ్వకి తాతలు దిగొచ్చారు. మొదటిసారి పెట్టిన రింగు నిలవలేదు. మెట్లు దిగుతుంటేనే ఊడింది. అత్త ముఖం మాడిపోయింది. "నా రాత ఇంతేలే, పద ఇంటికి" అంది.

"చెప్పు కొరికితే కాలు తీసేసుకుంటామా అత్తా? ఇంకో సైజు చూద్దాం" అంది గువ్వ.

రెండోది సరిగ్గా కుదిరింది. తీసి శుభ్రం చేయించుకోడానికి ఎప్పుడెప్పుడు రావాలో, కండరాలు బలపడ్డానికి ఏ వ్యాయామం చెయ్యాలో డాక్టరమ్మ నేర్పింది. బయటికొచ్చాక అత్త వరండాలో కుళాయి దగ్గర ఆగింది. గ్లాసెడు నీళ్లు పట్టుకుని గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు పట్టింది. గువ్వ చూస్తూ నిలబడింది.

అత్త నోట్లో నువ్వుగింజ నానదు. తన గుట్టు తప్ప లోకంలో ఏ గుట్టూ దాచుకోలేని మనిషి, ఇప్పుడు ఆ గుట్టు కూడా వదిలించుకుంది. వర్క్‌షాపులో తలో దేశం నుంచీ వచ్చిన ఆడవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. అత్త కుట్టు మిషన్ పక్కన నిలబడి, సైగలతో, దారపు ఉండతో, చేతికున్న గాజుతో మొత్తం కథ ఆడి చూపించిందట. ముందు నవ్వారు. తర్వాత ఒకావిడ మెల్లిగా చెయ్యెత్తింది. ఇంకొకావిడ ఎత్తింది.

గువ్వ పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్లి అడిగింది. "శనివారం ఒక పూట వీళ్ల కోసం తెరుద్దామండీ. ఏ భాషావిడకి ఆ భాష మాట్లాడే ఆడమనిషి పక్కన ఉండేట్టు."

పైవాళ్లు పెదవి విరిచారు. ఎవరూ రారన్నారు. డాక్టరమ్మ పట్టు పట్టి ఒకే ఒక్క శనివారం సంపాదించింది.

ఆ శనివారం అత్త తమ్ముడి బస్సెక్కింది. వెనకే వర్క్‌షాపు ఆడవాళ్లంతా బిలబిలమంటూ ఎక్కారు. ఇదంతా తర్వాత అత్తే గువ్వకి చెప్పింది.

"నువ్వు బస్సెక్కడం ఏంటక్కా! ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

"ఎవరికేమైంది?"

ఎర్రలైటు పడింది. అత్త వంగి, తన భాషలో, నెమ్మదిగా, దాచకుండా చెప్పింది. పచ్చలైటు పడింది. బస్సు కదల్లేదు. వెనక కార్లు గోల పెడుతున్నాయి.

"ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేంటక్కా?"

"నువ్వు గుండెలు చూసుకుంటూ కూర్చున్నావాయె. పోనీ బండి."

ఆసుపత్రి స్టాపులో ఆయన బస్సు దిగి, ఒక్కొక్కరూ మెట్టు దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ పూట కుర్చీలు చాల్లేదు. పిల్లల వార్డు నుంచి తెచ్చిన బుల్లి స్టూళ్ల మీద కూడా పెద్ద పెద్ద ఆడవాళ్లు సర్దుకు కూర్చున్నారు. ఎవరూ రారన్న పెద్దాయన వచ్చి, గుమ్మంలో చోటు లేక అక్కణ్ణుంచే చూసి వెళ్లాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆ తలుపు తెరుచుకుంటోంది.

పై శిక్షణ ఇంటర్వ్యూలో గువ్వని ముగ్గురు కూర్చోబెట్టి అడిగారు. "ఈ మార్కులకి గుండె విభాగం వాళ్లే చెయ్యి చాస్తారు. ఇటెందుకు?"

గువ్వ తన యాస గురించి కంగారుపడలేదు. "గుండె నొప్పొస్తే మనిషి అరుస్తాడు, అందరూ పరిగెడతారు. అరవడానికి సిగ్గుపడే నొప్పులు కొన్నున్నాయి. నాకు పని అక్కడుంది" అంది.

మధ్యలో కూర్చున్నాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనున్నావిడ నవ్వింది.

సీటొచ్చిందని పెద్ద డాక్టరమ్మే స్వయంగా ఫోన్ చేసింది. "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్" అంది, మొదటిసారి ఆ మాట వాడి. అమ్మ ఫోన్ లాక్కుని తనకొచ్చిన నాలుగు ముక్కల్లోనే డాక్టరమ్మని ఆశీర్వదించేసింది. నాన్న చొక్కా వేసుకుని వీధిలోకెళ్లి, ఎందుకెళ్లాడో మర్చిపోయి, ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చాడు. "మంచి పని తల్లీ. మా అక్క చేతి కింద పెరిగావు, ఇంకెలా అవుతావు?" అన్నాడు.

ఆ ఆదివారం నలుగురూ ఊరి చివరి కొండకెళ్లారు. సగం దారిలో నాన్నకి ఆయాసమొచ్చి రాయి మీద కూలబడ్డాడు, అమ్మ ఆయన పక్కన చేరింది. అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, నీళ్ల సీసా గువ్వ చేతిలోంచి లాక్కుని, ముందుకు నడిచింది. గువ్వ వెనకే పరిగెత్తాల్సొచ్చింది. పైన గాలి ఈడ్చి కొడుతోంది. ఊరంతా కాళ్ల కింద పరుచుకునుంది.

"ఒరేయ్ తమ్ముడూ!" అత్త కిందికి కేకేసింది. "రావేంట్రా? నీకు మోకాళ్లు నొప్పా?"