కోతపండుగ రొట్టె

మా నాన్న సుందరరావుకు సెంటు పొలం లేదు. చేసేది యానాం కరెంటాఫీసులో ఉద్యోగం. మా చర్చిలోనేమో కోతపండుగ వస్తే సంఘపెద్దలంతా తమ చేతులతో పండించిందో, చేసిందో తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. నాన్న ఏటా బజారులో గుమ్మడికాయ కొని తెచ్చేవాడు. ఈ ఏడు సుందరరావుగారి తోట బాగా కాసిందని అందరూ ఏడిపించేవారు. రెండువేల మూడులో ఆయనకు ఒళ్ళు మండి, వచ్చే ఆదివారం నా చేత్తో కాల్చిన రొట్టె తెస్తానని నిండు సంఘంలో చెప్పేశాడు. అప్పటికి ఆయన టీ కూడా కాచి ఎరగడు.

శనివారం పొద్దున్నే ఇల్లంతా రొట్టె పనిలో పడింది. నేను మైదా జల్లించాను. చెల్లి ఏంజెల్ కొబ్బరిచిప్పలు కాల్చి నిప్పులు చేసింది. అమ్మ ఓవెనుకు బదులుగా పెద్ద దాకలో ఇసుక పోసింది. నాన్న కాకినాడ నుంచి తెచ్చిన ఈస్టు పొట్లం విప్పి, అందులో సలసల మరిగే నీళ్ళు పోశాడు. నాకు కామెర్లు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కాచని నీళ్ళు దేనికీ వాడరు. ఈస్టుకు ప్రాణం ఉంటుందనీ, ఆ వేడికి చచ్చిపోతుందనీ అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి దాకలోంచి రొట్టె రాలేదు, పీట వచ్చింది. ఏంజెల్ దాన్ని వేళ్ళతో వాయించబోయి, నాన్న మొహం చూసి మానేసింది. రేపు మళ్ళీ గుమ్మడికాయే అని గొణిగి, నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు చాలా జాలేసింది.

అమ్మ నా చేతికి చెంబిచ్చి, పెరటి దారిన వీరవేణి పిన్ని ఇంటికి వెళ్ళి కల్లు తెమ్మంది. వాళ్ళాయన తాడిచెట్లెక్కుతాడు. పూర్వం అమ్మమ్మ కల్లు పోసే పిండి పొంగించేదట. నేను నోరు వెళ్ళబెట్టాను. వీధికో బ్రాందీ షాపున్న యానాంలో, పెళ్ళైన కొత్తలో నాన్న చేత తాగుడు మాన్పించింది అమ్మే. కల్లు చుక్క నోట్లోకి పోనివ్వనని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నదీ, ఆ చుక్క మా గడప దాటకూడదన్నదీ అమ్మే.

సాయంత్రానికి అమ్మ కల్లు పోసి కలిపిన పిండి గిన్నె అంచు దాటింది. దాకలో ఎర్రగా కాలిన రొట్టె చూసి మేం చప్పట్లు కొట్టాం. ఆ సందడికి నాన్న లేచి వచ్చాడు. వంగి వాసన చూసి, అలాగే ఆగిపోయాడు.

"శాంతీ, ఇంట్లోకి కల్లు తెచ్చేవా?"

అమ్మ తల దించుకోలేదు. "ఇరవై ఏళ్ళలో నాకిచ్చిన మాట ఒక్కసారీ తప్పలేదు మీరు. రేపు నలుగుర్లో మీ మాట పోతంటే చూత్తా కూర్చోలేకపోయేనండి."

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆయన చర్చికి పీటనే తీసుకెళ్ళాడు. నా చేత్తో అన్నాను గనక నా చేత్తో చేసిందే తెచ్చాను, పొంగలేదు అని చెప్పి బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడైంది. సంఘమంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నాన్నే నవ్వాడు.

ఇంటికొచ్చాక అమ్మ తన రొట్టె కోసి మాకు పెట్టింది. నాన్న చెయ్యి చాచలేదు. ఒట్టుంది కదా అన్నాడు. మా నోళ్ళకేసి మాత్రం చూస్తూనే ఉన్నాడు. అమ్మ పెద్ద ముక్క తుంచి ఆయన చేతిలో పెట్టింది.

"ఒట్టు ఏయించుకున్నదాన్ని నేనే తీసేత్తన్నాను, తినండి," అని, ఆయన నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "రొట్టె వరకే."