పర్విస్ ఇచ్చిన చామంతి

హాల్బర్ట్ ఊళ్ళో హోమ్‌కమింగ్ శుక్రవారం నాడు, అంటే పాత విద్యార్థులంతా తిరిగొచ్చి బడి ఫుట్‌బాల్ ఆట చూసే రోజున, ఆడపిల్ల చామంతి లేకుండా బడికి వెళ్ళిందంటే, ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదనైనా అనుకోవాలి, లేదా పాపం ఎవరూ లేరనైనా అనుకోవాలి. చామంతి అంటే జడలో తురుముకునేది కాదు. పళ్ళెమంత బట్ట పువ్వు, దాని నడుమ బుల్లి ఎలుగుబంటి బొమ్మ, కింద మోకాళ్ళ దాకా రిబ్బన్లు, రిబ్బన్ల నిండా గంటలు. మెడలో వేసుకుని నడిచివస్తుంటే మనిషికంటే చప్పుడు ముందొస్తుంది. ఒక రిబ్బను మీద పిల్ల పేరు, ఇంకో రిబ్బను మీద ఇచ్చిన అబ్బాయి పేరు తళుకు అక్షరాలతో అంటించి ఉంటాయి. టెక్సస్‌లో ఈ పిచ్చి ఎలా ముదిరిందని అడిగితే పెద్దవాళ్ళు, మా కాలంలో ఒక్క పువ్వే ఉండేదమ్మా, అని నిట్టూరుస్తారు. నిట్టూర్చి, తమ కూతురి చామంతికి ఇంకో నాలుగు గంటలు కట్టిస్తారు.

ట్వైలా హ్రుష్కాకి చామంతి ఇచ్చే అబ్బాయి ఎన్నడూ లేడు. ఓడాలిస్ కాంటూకీ లేడు. రెండో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద పెరిగిన ఈ ఇద్దరూ తొమ్మిదిలో ఒకరికొకరు చామంతులు చేసి ఇచ్చుకున్నారు, పదిలోనూ ఇచ్చుకున్నారు. ట్వైలా అమ్మమ్మ బేకరీ వెనకగదిలో, కొలాచీ రొట్టెల వాసన మధ్య, గ్లూ గన్‌తో వేళ్ళు కాల్చుకుంటూ, ఇచ్చినవాళ్ళ పేరు దగ్గర ఒకరి పేరు ఒకరు అంటించుకున్నారు. చూసినవాళ్ళు నవ్వారు. వీళ్ళూ నవ్వారు. అక్కడితో సరిపోయింది.

పదకొండో తరగతిలో వచ్చింది చిక్కు. ట్వైలా వేళ్ళలో ఉన్న పనితనం కిటికీ పక్క బల్లకి తెలిసిపోయింది.

కిటికీ పక్క బల్ల అంటే బ్రిన్లీ స్ట్రౌడ్ బల్ల. భోజనాల హాల్లో ఆ బల్లకి పేరు రాసి లేదు, కాపలా లేదు, అయినా పిలవందే అక్కడ ఎవరూ కూర్చోరు. రిబ్బన్లని పాము వెన్నులా జడ అల్లడం ఆ బడి మొత్తంలో ట్వైలాకే వచ్చు. ఒక సోమవారం బ్రిన్లీ తనంతట తనే వచ్చి, “నువ్వేగా ఆ జడలు అల్లేది? మాకు అల్లిపెట్టవే, ప్లీజ్. రా, మాతో కూర్చో,” అంది. ట్వైలా కూర్చుంది. ఓడాలిస్ రోజూ కూర్చునే మూల బల్ల అక్కణ్ణుంచి కనబడుతుంది. మొదటి రోజు ట్వైలా అటు చెయ్యి ఊపింది. రెండో రోజు అటు చూడలేదు.

ఆ రెండో రోజే బ్రిన్లీ అడిగింది.

“ఇంతకీ నీకెవరు ఇస్తున్నారే చామంతి?”

నిజానికి ఓడాలిస్ అనాలి. కానీ బల్ల చుట్టూ ఆరుగురు పిల్లలు తినడం ఆపి మరీ ఆమె మొహంలోకి చూస్తున్నారు. పుట్టి పదహారేళ్ళలో అంతమంది అంత ఆసక్తిగా ట్వైలా జవాబు కోసం ఎదురుచూసింది లేదు. ఆమె గతుక్కుమని చూపు కిందికి దించింది. ఎదురుగా పాల డబ్బా. దాని మీద డైరీవాళ్ళ పేరు, ఎర్రటి అక్షరాల్లో.

“పర్విస్,” అంది.

“పర్విస్సా? మన బళ్ళో పర్విస్ ఎవడూ లేడే?”

ఈసారి ట్వైలా కళ్ళు పైకి పోయి గోడ మీద ఆగాయి. “మన బడి కాదులే. మోరవెక్.”

మాట నోరు దాటాక గానీ తాను చదివింది ఏమిటో ఆమెకి బుర్రకెక్కలేదు. వచ్చే శుక్రవారం హోమ్‌కమింగ్ ఆటలో మోరవెక్‌ని మట్టి కరిపించండి, అని అట్టముక్క మీద రాసి పెట్టారు.

“మోరవెక్కా!” బ్రిన్లీ చప్పట్లు కొట్టింది. “అబ్బబ్బ, శత్రువుల కుర్రాణ్ణే పట్టావుటే! అచ్చం సినిమాలా ఉంది! అయితే నీ చామంతి సగం నీలం, సగం నారింజన్నమాట.”

ఇస్తున్నవాడిది వేరే బడైతే చామంతి సగం వాడి బడి రంగుల్లో ఉండాలి. ఆ నియమం ట్వైలా కంటే బాగా ఎవరికి తెలుసు. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు. ఆ పూటే కాదు, ఆ పది రోజులూ సయించలేదు.

సాయంత్రం బస్సులో ఓడాలిస్‌కి చెప్పేసింది. “నాకీసారి చెయ్యొద్దులేవే. ఒకబ్బాయి ఇస్తున్నాడు.”

“ఎవడే?”

“పర్విస్ అని. మోరవెక్.”

ఓడాలిస్ ఆమె వంక కాస్త ఎక్కువసేపే చూసింది. “మంచిది,” అని కిటికీ వైపు తిరిగింది. నీ చామంతి మాత్రం నేను చేస్తాగా, అని ట్వైలా వెంటనే అంది. ఆ మాట అన్నప్పుడు చెయ్యాలనే అనుకుంది కూడా. తరవాత బ్రిన్లీ బల్ల వాళ్ళవి ఆరు చామంతులు వచ్చి పడ్డాయి. ఆ ఆరూ అయ్యాక అబద్ధపు చామంతి ఒకటి తనకి తనే చేసుకోవలసి వచ్చింది. అమ్మమ్మ అటు రాకుండా తలుపు వేసుకుని, దొంగసొత్తు దాచుకుంటున్నట్టు నారింజ రిబ్బన్లు కత్తిరించింది. ఓడాలిస్‌ది చెయ్యడానికి తీరలేదు. కనీసం తీరలేదని తనకి తను చెప్పుకుంది.

విడ్డూరం ఏమిటంటే, పర్విస్ ఆమె ప్రమేయం లేకుండానే పెరగడం మొదలుపెట్టాడు. బుధవారం బ్రిన్లీ, “నీ పర్విస్ మేకలు పెంచుతాడటగా? కౌంటీ సంతలో మొదటి బహుమతటగా? చెప్పనేలేదు!” అంది. ట్వైలాకి పొలమారింది. గురువారానికి పర్విస్‌కి వేరుశనగ పడదని కూడా తెలిసింది. ఇవన్నీ ఎవరు పుట్టిస్తున్నారో అడగడానికి ధైర్యం చాలక, ఊఁ కొట్టి ఊరుకుంది. ఒక్క క్షణం మాత్రం, మోరవెక్‌లో నిజంగానే అలాంటివాడు ఒకడు ఉన్నాడేమోనని ఒళ్ళు జలదరించింది.

శుక్రవారం పొద్దున సగం నారింజ చామంతితో బడిలో అడుగుపెట్టేసరికి వరండా అంతా ఓ అని అరిచింది. చరిత్ర మాస్టారు గుమ్మంలో అడ్డం నిలబడి, “అమ్మాయ్, ఇంతకీ నువ్వు ఏ జట్టు మనిషివి?” అన్నాడు. వంటశాల ఆవిడ వడ్డించనని బెదిరించి, నవ్వి, రెండు గరిటెలు ఎక్కువే వేసింది. ట్వైలా పేరు తెలియనివాళ్ళు ఆ రోజు మధ్యాహ్నానికి బడిలో మిగలలేదు. ఆమె కోరుకున్నది అదే. దొరికింది. దొరికాక చూస్తే మెడ లాగుతోంది.

ఓడాలిస్ మెడలో ఏమీ లేదు.

“ఏమే, నీ చామంతేది?” అని ఎవరో అడుగుతుంటే ట్వైలా చెవిన పడింది. “రాత్రి బ్యాండులో ఆ ఇత్తడి ట్యూబా మొయ్యాలిగా తల్లీ, ఈ మెడకి ఇంకో బరువెందుకు?” అని ఓడాలిస్ నవ్వుతూ చెబుతోంది. ట్వైలా గంటలు మోగకుండా గుప్పిట్లో పట్టుకుని ఆ పక్కనుంచి తప్పుకుంది. అంత సిగ్గు ఆమెకి ఎన్నడూ వెయ్యలేదు.

సాయంత్రం మైదానంలో దీపాలు వెలిగాయి, ఆట మొదలైంది. సగం ఆట అయ్యేసరికి హాల్బర్ట్ పది పాయింట్లు వెనకపడింది. ఆ సంగతి ఊరంతటికీ దిగులే గానీ బ్రిన్లీకి పట్టలేదు. బ్యాండు మైదానంలో విన్యాసం ముగిస్తుండగానే ఆమె ట్వైలా చెయ్యి పట్టుకుంది. “పద, అవతలి గట్టుకి. నీ పర్విస్‌ని చూపించు.”

“వాడికి జ్వరంట.”

“ఇందాకే బస్సులో వస్తున్నాడన్నావు!”

“అందులోనే వచ్చింది, జ్వరం.”

బ్రిన్లీ వింటేగా. వెనక ఇద్దరు పిల్లల్ని వేసుకుని, ట్వైలాని కంచె వెంట లాక్కుపోయింది. అవతలి గట్టు మెట్ల మీదంతా మోరవెక్ జనం, నారింజ చొక్కాలు. “పోనీ నువ్వు సిగ్గుపడు. ఓడాలిస్‌ని అడుగుదాం, అది చూపిస్తుంది.”

“ఓడాలిస్సా?”

“మరి? మేకల సంగతి చెప్పింది అదేగా. అసలు వాడున్నాడా అని నాకు అనుమానమొచ్చి, మొన్న బుధవారం దాన్ని నిలబెట్టి అడిగా. నాకు బాగా తెలుసు, మంచి కుర్రాడు, అని ఒట్టేసి మరీ చెప్పింది.”

ట్వైలా కాళ్ళు ఆగిపోయాయి.

మూడో పావు ఆట బ్యాండు వాళ్ళకి విరామం. ఆ కాసేపట్లోనే ఏదైనా తినాలి, మళ్ళీ గట్టెక్కాలి. ఈకల టోపీ చంకలో పెట్టుకుని ఓడాలిస్ తినుబండారాల కొట్టు వైపు వస్తోంది. బ్రిన్లీ కేకేసింది. “ఓడాలిస్! ఇలా రావే. ఆ గట్టు మీద పర్విస్ ఎవడో చూపించు!”

ఓడాలిస్ వచ్చింది. ట్వైలా మొహం చూసింది, బ్రిన్లీ మొహం చూసింది. కంచె పట్టుకుని నారింజ గుంపుని చివరిదాకా వెతికింది. నుదుటి మీద చెమట దీపాల వెలుగులో మెరుస్తోంది. ఆఖరికి చెయ్యి మెల్లగా లేచింది. వేలు తిరిగిన వైపు, పాపం ఏమీ ఎరగని కుర్రాడెవడో నాచో చిప్స్ తింటున్నాడు.

ఇంకో క్షణం ఆగితే బ్రిన్లీ వాణ్ణి పిలిచేది. వాడు బిక్కమొహం వేసేవాడు. సోమవారం నాటికి ఓడాలిస్ ఒట్టేసి అబద్ధాలాడే మనిషని బడంతా చెప్పుకునేది.

“వద్దే! చెయ్యి దించు!” ట్వైలా అరిచినంత పని చేసింది. “పర్విస్ లేడు. ఎవడూ లేడు. అది పాల డబ్బా మీద పేరు. నేనే కల్పించా. ఈ చామంతి నేనే చేసుకున్నా. ఓడాలిస్ ఏ పాపం ఎరగదు, నా పరువు పోకూడదని చెప్పింది, అంతే.”

బ్రిన్లీ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“మరి మేకలు?”

“మేకలు కూడా లేవు.”

వెనకున్న పిల్ల కిసుక్కుమంది. బ్రిన్లీ కాసేపు ట్వైలాని ఎగాదిగా చూసి, “మూడేళ్ళుగా తాగుతున్నానే ఆ పాలు నేను!” అని పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. అది ముద్దుచేసే నవ్వు కాదు, అలాగని కొరికే నవ్వూ కాదు. కళ్ళు తుడుచుకుంటూ, “పిచ్చిమొహమా. నా దాని మీద మా బాయ్‌ఫ్రెండ్ టక్కర్ పేరుంది గానీ సామానంతా కొన్నది మా అమ్మే. వాడికి నా చామంతి ఏ రంగో కూడా తెలీదు,” అంది. తరవాత మిగతా ఇద్దరినీ తీసుకుని గట్టు ఎక్కడానికి వెళ్ళిపోయింది. ఎక్కుతూనే పక్కవాళ్ళకి చెబుతోంది. ట్వైలాని రమ్మని పిలవలేదు.

కిటికీ పక్క బల్ల అక్కడితో సరి. ఆ సంగతి ట్వైలాకి అర్థమైంది. అర్థమై, గుండెల్లోంచి ఇంత పెద్ద ఊపిరి బయటికొచ్చింది. పది రోజుల నుంచీ ఆ ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నట్టు ఆమెకి అప్పుడు తెలిసింది. మెడలోంచి చామంతి తీసి కంచెకి తగిలించింది.

ఓడాలిస్ అప్పటికే కొట్టు ముందు నిలబడి మాంసం, చిప్స్, చీజ్ కలిపిన పొట్లం కొనుక్కుంది. ట్వైలా వెళ్ళి పక్కన నిలబడింది.

“నీకెప్పుడు తెలిసిందే?”

“బస్సులో, నువ్వు చెప్పగానే. పాలు నేనూ తాగుతాను.”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఇంకో అబద్ధం చెప్పేదానివి. నీ నోట వినలేక.”

ట్వైలా నేల చూపులు చూసింది. “మేకలెందుకే మధ్యలో?”

“బ్రిన్లీ కళ్ళలోకి చూస్తూ అడిగితే ఏదో ఒకటి రావాలిగా! మా మావయ్య మేకలు గుర్తొచ్చాయి.”

“వేరుశనగ?”

“మర్నాడు మళ్ళీ పట్టుకుంది, ముద్దులదాకా వెళ్ళారా అని. వాడికి వేరుశనగ పడదు, ఇది రోజూ అదే తింటుంది, ఇంకెక్కడి ముద్దులు అన్నా. నీ శీలం కూడా కాపాడాను.”

ట్వైలాకి నవ్వాగలేదు. ఓడాలిస్ మాత్రం నవ్వలేదు.

“నవ్వకు. ఒళ్ళు మండిపోతోంది నాకు. మెడకి బరువని పొద్దుటినుంచి ఎంతమందికి చెప్పానో తెలుసా? నా మెడకేం బరువు కాదు. నువ్వు చేస్తానన్నావని పొద్దున బేకరీ ముందు బస్సు ఆగినప్పుడు కూడా చూశాను, చేతిలో ఏమైనా ఉందేమోనని.”

“తీరలేదే నాకు...”

“తీరలేదా?”

ట్వైలా ఏడ్చేసింది. “తీరింది. చెయ్యలేదు.”

ఓడాలిస్ చాలాసేపు పొట్లంలో ఫోర్కుతో కెలికింది. చివరికి పొట్లం ట్వైలా ముందుకి తోసి, “తిను. పీనుగలా ఉన్నావు,” అంది. ట్వైలా ముక్కు చీదుకుంటూ తింది. ఎంత ఆకలేసిందంటే, అడుగున అంటుకున్న చీజ్‌తో సహా మొత్తం ఊడ్చేసింది. ఓడాలిస్‌కి ఒక్క చిప్ కూడా మిగల్చలేదు.

గట్టు మీంచి బ్యాండు మాస్టారి ఈల వినబడింది. ఓడాలిస్ టోపీ పెట్టుకుంది.

“రేపు పదింటికి బేకరీకి వస్తా. నాది చేస్తున్నావు. మోకాళ్ళ దాకా అంటే కుదరదు, నేల తగలాలి.”

“రేపటికి హోమ్‌కమింగ్ అయిపోతుందిగా?”

“అయితే?” అంటూనే ఓడాలిస్ గట్టు వైపు పరుగెత్తింది.

సోమవారం పొద్దున బడంతా మామూలు బట్టల్లో ఉంది. పర్విస్ కథ అప్పటికే అందరికీ చేరిపోయింది. ట్వైలా కనబడగానే మగపిల్లలు పాలు కావాలా అని అరుస్తున్నారు. ట్వైలా కావాలంది, థాంక్స్ కూడా చెప్పింది. ఆమె పక్కనే ఓడాలిస్ నడుస్తోంది. ఓడాలిస్ మెడలో బండిచక్రమంత చామంతి, రిబ్బన్లు నేలని ఊడుస్తున్నాయి, నలభై గంటలు ఒక్కసారిగా మోగుతున్నాయి. తరగతి గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

చరిత్ర మాస్టారు గుమ్మంలో కళ్ళజోడు సవరించుకున్నాడు. “ఇదేమిటమ్మాయ్? హోమ్‌కమింగ్ శుక్రవారమే అయిపోయిందిగా?”

“మాకు ఇవాళండీ,” అంది ఓడాలిస్. ట్వైలా వంగి, ఆ రిబ్బన్లు ఎవరూ తొక్కకుండా రెండు చేతులతో ఎత్తిపట్టుకుంది.